అడుగున ఉన్న పావురం

"ఇగో, ఆఖరుసారి అడుగుతున్న. పైసలు ఏడికి పోయినయ్ అమ్మా?"

డేవిడ్ ఈ మాట కోదాడలో, కంటి దవాఖాన మెట్ల మీద మొదలుపెట్టాడు. బస్సు మునగాల దాటినా ఆపలేదు. సూర్యాపేటలో దిగి, ఆటో ఎక్కి, ఇంటి గడప తొక్కాక కూడా అదే మాట. ప్రతిసారీ ఆఖరుసారే అంటున్నాడు.

శాంతమ్మ ప్లాస్టిక్ కుర్చీలో కొంగు కళ్ళ మీదికి లాక్కుని కూర్చుంది. దవాఖానలో వేసిన చుక్కల మందు ఇంకా దిగలేదు. తలుపులోంచి వచ్చే వెలుతురుకే ఆమె కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. అవి మందు నీళ్ళో మరేవో, పక్కన నిలబడ్డ కోడలు అరుణ తేల్చుకోలేకపోయింది.

పొద్దున అత్తకు ఆకుపచ్చ గౌను తొడిగారు. ఏ కంటికి ఆపరేషనో పొరపాటు పడకుండా కుడి కనుబొమ్మ మీద తెల్ల ప్లాస్టరు ముక్క అంటించారు. డబ్బు కట్టి రమ్మంటే డేవిడ్ తల్లి ఫోన్ తీసి అందులోంచే పైసలు కొట్టాడు. పోలేదు. మళ్ళీ కొట్టాడు. వెనక నిలబడ్డవాళ్ళు గొణిగారు. ఈ ఆపరేషన్ కోసమని నెలనెలా తల్లి ఖాతాలో అతను వేస్తూ వచ్చిందంతా ఖాళీ. గౌను విప్పించి పంపేశారు. ప్లాస్టరు ముక్కను మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. అది ఇంకా కనుబొమ్మ మీదే ఉంది.

"ఎవడన్న ఫోన్ చేసి ఓటీపీ అడిగిండా? చెప్పినవా?"

శాంతమ్మ తల అడ్డంగా ఊపింది.

"మరి రెక్కలొచ్చి ఎగిరిపోయినయా?"

"పెట్టెలు తెరిసిన."

"ఏం పెట్టెలు?"

"ఫోన్ల పెట్టెలు."

డేవిడ్ భార్య వైపు తిరిగాడు. "నీకెర్కేనా?"

"నాకు తెల్వదు," అంది అరుణ.

నిజంగానే తెలియదు. మధ్యాహ్నాలు వంటింటి మూలన అత్త ఫోన్‌ను ముక్కుకు ఆనించుకుని కూర్చోవడం చూసింది. చర్చి పాటలు వింటోందనుకుంది. ఈ ఇంట్లో ఒకరిని ఒకరు అడిగే అలవాటు లేదు. కొత్తగా వచ్చినప్పుడు అరుణకు అది మర్యాదలా కనిపించింది. తర్వాత తర్వాత, అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని అందరూ భయపడుతున్నారని అర్థమైంది.

"అసలు పైసలు ఎట్ల కొట్టినవ్? నీకు అక్షరమే కనవడదాయె."

"వేలు పెట్టుమన్నది. పెట్టిన."

"వేలు పెట్టుమంటే పెట్టుడేనా?"

"రేషన్ షాపుల గూడ వేలే గద పెడుతం. పెడితే బియ్యం ఇస్తరు. ఇది గూడ ఏమన్న ఇస్తదనుకున్న."

వేరే రోజైతే ఇల్లంతా నవ్వి ఉండేది. ఆ ఫోన్‌కు తల్లి వేలిముద్ర పెట్టించింది డేవిడే. నంబర్లు కనబడవు, వేలైతే సులువని. ఆ సంగతి అతనికి అప్పుడే గుర్తొచ్చినట్టుంది. గొంతు ఇంకా పెంచాడు.

"టైర్ల షాపుల నడుం వంగేదాక పనిచేసి వేస్తుంటే, నువ్వు జూదమాడినవ్. తెలుసా? దీన్ని జూదమంటరు."

వసారాలో దబ్బనం ఆగింది.

అక్కడ మామ జానయ్య గోనె సంచులకు మూతులు కుడుతున్నాడు. మార్కెట్ యార్డులో హమాలీ మేస్త్రీగా చేసిన మనిషి. వీపు పనికిరాకుండా పోయాక ఇంట్లో కూర్చుని ఈ పని పెట్టుకున్నాడు. చర్చిలో సంఘ పెద్ద. ఆయన ఉన్న ఇంట్లో జూదమన్న మాట పలకడమే తప్పు. దబ్బనం ఆగిందంటే ఆయన విన్నాడని. మళ్ళీ కదిలిందంటే మాట్లాడడని. కాసేపటికి కదిలింది.

"జూదం కాదురా," శాంతమ్మ తలెత్తింది. "జూదంల ఒకడన్న గెలుస్తడు. మీ పెదనాయిన పేకాట గెలిసి ఎన్నిసార్లు కోడిని తేలే? దీంట్ల ఎవ్వరు గెలువంగ నేను సూడలే."

"మరి గెలువనిదానికి ఎందుకు తెరిసినవే!"

డేవిడ్ ఫోన్ చేతిలోకి తీసుకున్నాడు. ఆ ఫోన్ పారదర్శకమైన కవరులో ఉంటుంది. కవరుకూ ఫోన్‌కూ మధ్య ఒక చిన్న అట్టముక్క. కొత్త సంవత్సరం రాత్రి చర్చిలో పళ్ళెంలోంచి అందరూ తలా ఒకటి తీసుకునే వాగ్దానం కార్డు. ఆ ఏడాదికి దేవుడు నీకిచ్చే మాట అదేనంటారు. శాంతమ్మకు వచ్చిన కార్డును అరుణే ఆ కవరులో పెట్టింది.

డేవిడ్ ఆట తెరిచాడు. గిలక్కాయల చప్పుడులాంటి సంగీతం గదిలో మోగింది. ఆ గొడవ మధ్య అది వినడానికే సిగ్గుగా ఉంది.

"పూలతోట! అమ్మా, ఇది చిన్నపిల్లలాట. దీన్ని తీసిపారేస్తే పీడ బోతది. ఇప్పుడే తీసేస్త."

"వద్దు కొడుకా!"

శాంతమ్మ లేచిన ఊపుకు కుర్చీ వెనక్కి పడింది. రెండు చేతులూ చాపింది. కానీ కొడుకు ఉన్న వైపు కాదు, తలుపు వైపు. ఆమెకు వెలుతురు తప్ప ఏమీ కనబడటం లేదు.

"తియ్యకు. అండ్ల ఉష ఉన్నది."

దబ్బనం మళ్ళీ ఆగింది. ఈసారి వెంటనే కదలలేదు.

ఈ ఇంట్లో ఆ పేరు వినబడటం అరుణకు ఇదే మొదలు. డేవిడ్ అక్క ఉషారాణిని అరుణ చూడలేదు. పెళ్ళికి కూడా ఆమె రాలేదు. గిన్నెలు తోముతుంటే మాత్రం రోజూ కనబడుతుంది. స్టీలు గ్లాసుల అంచుల మీద, గిన్నెల మీద, మూతల మీద అదే పేరు చెక్కి ఉంది. కూతురి పెళ్ళికని ఒక్కొక్కటే కొని దాచిన సామాను. ఉషారాణి కోదాడ అబ్బాయి చిరంజీవిని రిజిస్ట్రార్ ఆఫీసులో చేసుకుని మిర్యాలగూడ వెళ్ళిపోయింది. అతనక్కడ రైస్ మిల్లులో పనిచేస్తాడు. "ఈ ఇంట్ల దాని పేరెత్తొద్దు" అని జానయ్య అన్న రోజు నుంచి ఆ పేరు మాటల్లోంచి పోయింది. ఆయన మాత్రం రోజూ ఆ పేరున్న గ్లాసుతోనే నీళ్ళు తాగుతాడు.

"అక్కనా?" డేవిడ్ గొంతు సగానికి దిగింది. "బొమ్మల తోటల అక్కెందుకుంటదే?"

"ఇంట్ల ఉన్నప్పుడు అదే పెట్టిచ్చింది. మా ఇద్దరి తోటలు పక్కపక్కన. పోయినంక ఫోన్ నంబర్ మార్చింది గని, తోట మార్చలే. గేటు కాడ పచ్చ సుక్క కనవడితే అది తోటకు వచ్చినట్టు. మసక మసకగ కనవడుతది నాకు. అప్పుడప్పుడు."

"కనవడితే?"

"ఏముంది. సూస్త."

"మాట్లాడొచ్చా?"

"ఊకెనే మాట్లాడనియ్యది. తెల్ల పావురం ఉండాలె. పావురం దొరికితే దానికి ఒక మాట కట్టి పక్క తోటకు పంపొచ్చంట. ఉషనే చెప్పింది. పావురం పెట్టెల ఉంటది."

డేవిడ్ కింద పడ్డ కుర్చీని లేపి నిలబెట్టాడు. తల్లిని కూర్చోమనలేదు, తానూ కూర్చోలేదు. కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు.

"పోయిన వానకాలం నువ్వు మిర్యాలగూడ దవాఖానకు పోయి అక్కను ఏమన్నవో యాదికున్నదా?"

"డేవిడా..."

"కడుపు పోయి పండుకున్న మనిషిని పట్టుకుని, మా ఉసురు ఊకెనే పోతదా అన్నవ్. నా ముంగట్నే అన్నవ్. గా తెల్లారి నుంచి నా ఫోన్ గూడ ఎత్తుతలేదు అక్క. నేనేమన్న? నేనేమన్ననే అమ్మా? ఇప్పుడు పావురం కావాల్నా నీకు?"

శాంతమ్మ కొంగు మళ్ళీ కళ్ళ మీదికి లాక్కుంది.

డేవిడ్ ఫోన్‌ను అరుణ చేతిలో పెట్టాడు. "నువ్వు తియ్యి. నా చేతులతోని తియ్యలేను. షాపు మూసి నేనొచ్చేసరికి అది ఫోన్ల ఉండొద్దు."

"అన్నం తినిపోరాదు..."

"ఆకలైతలేదు."

వసారాలో తండ్రి పక్క నుంచే వెళ్ళాడు. 

* * *

ఆపరేషన్ అయ్యాక మెత్తగా తినాలన్నారని అరుణ పొద్దున్నే జావ కాచి మూత పెట్టి వెళ్ళింది. ఇప్పుడది మీగడ కట్టి చల్లారిపోయింది. వేడి చేసి తెచ్చింది. శాంతమ్మ గిన్నె ఒళ్ళో పెట్టుకుంది కానీ చెంచా ముట్టలేదు.

అరుణ కాస్త కొబ్బరినూనె రాసి కనుబొమ్మ మీది ప్లాస్టరును మెల్లగా ఊడదీసింది. దానితో పాటు రెండు నెరిసిన వెంట్రుకలు కూడా వచ్చాయి.

"నొచ్చిందా అత్తమ్మా?"

"లే."

"పావురం దొరికితే ఏం రాద్దామనుకున్నరు?"

"రాసుడు నాకొస్తదా? నిన్నే రాయమందునేమో."

"ఏమని?"

శాంతమ్మ చాలాసేపు చెంచాతో జావను కలిపింది.

"తిన్నవా అని."

 తన అమ్మ మునగాల నుంచి ఫోన్ చేసినా మొదట అడిగేది అదే. తను 'తిన్న' అంటుంది. తినకపోయినా తిన్నాననే అంటుంది. ఆ రెండు మాటలూ ఎంత ఖరీదైనవో ఎప్పుడూ ఆలోచించలేదు.

ఫోన్ ఇంకా చేతిలోనే ఉంది. ఆట తెరిచే ఉంది. తెర నిండా బంగారు రంగు పెట్టె ఊగుతూ, సందుల్లోంచి కాంతి చిమ్ముతూ, నొక్కమని పిలుస్తోంది.

"ఇప్పటికి ఏమేం వచ్చినయ్ అండ్లకెల్లి?"

"ఇత్తనాలు. నీళ్ళ డబ్బా. రిబ్బన్లు. ఒకసారి గొడుగు. గొడుగెందుకు నాకు?" శాంతమ్మ కొంచెం ముందుకు వంగింది. గొంతులో చిన్న ఉత్సాహం. "గని అరుణా, నేను లెక్క తప్పలే. ఇంక దగ్గరికొచ్చింది. ఇన్ని తీసిన గద. మన చర్చిల పళ్ళెం ఉంటది సూడు. తీస్తాంటే తీస్తాంటే కార్డులు తగ్గిపోతయ్. ఆఖరుకొచ్చినోళ్ళకు అడుగునున్నది దొరుకుతది. ఎవ్వరు ఒట్టి చేతులతోని పోరు. నేను పైనున్న చెత్తంతా తీసేసిన. ఇగ అడుగునున్నది పావురమే."

అరుణ ఆమె ముఖం వైపు చూసింది. ఆ ముఖంలో మోసపోయిన గుర్తు ఎక్కడా లేదు. వరుసలో ఓపికగా నిలబడ్డ మనిషి ముఖం అది. తన వంతు ఇక ఒకరి తర్వాతేనని నమ్మిన ముఖం.

పెట్టె పక్కన గోరంత చుక్క ఒకటి ఉంది. నొక్కితే సన్నటి ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. అరుణ పెదవులు కదుపుతూ చదువుకుంది. అర్థమయ్యాక మరోసారి చదివింది. అర్థం మారలేదు.

"అత్తమ్మా, ఇది మన పళ్ళెం లెక్క కాదు."

"అంటే?"

"మనం ఒక కార్డు తీస్తే అది మనతోనే ఇంటికొస్తది. దీంట్ల, మీరు గొడుగు తీస్తే ఇంకో గొడుగును మళ్ళ లోపలేస్తరు. పెట్టె ఎప్పటికి తగ్గది. మొదటిసారి ఎంత నిండుగున్నదో ఇప్పుడు గూడ అంతే నిండుగున్నది."

"గట్లెట్ల? నేను తీసిన గద."

"తీసిన్రు. గని దానికి అడుగు లేదు."

జావ మీద మళ్ళీ మీగడ కట్టడం మొదలైంది.

"పావురం లేదా మరి?"

"ఉన్నది. లేదనరు వీళ్ళు. బియ్యం బస్తాల ఒక్క గింజకు రంగేసి కలిపినట్టు ఉన్నది. దొరకొచ్చు. మీ జన్మంతా తీసినా దొరకకపోవచ్చు. దొరికేటోళ్ళకు, దొరకనోళ్ళకు 'దొరకొచ్చు' అనే చెప్తది ఇది."

"అన్యాలం గద," అంది శాంతమ్మ. కోపం లేదు గొంతులో. ఆశ్చర్యం ఉంది. "ఎవలు చేసిన్రు గట్ల?"

"పెట్టె నింపేటోళ్ళు. ఏమేయాలె, ఎంతేయాలె అంతా వాళ్ళ చేతుల ఉంటది. మన కార్డులనే సూడుర్రి. ఒక్కటన్న చెడ్డ మాట వస్తదా ఎవలకన్న? రాదు. ఎందుకంటే నేను రాయలే కాబట్టి."

ఆ మాట నోటినుంచి వెళ్ళాక అరుణకు తెలిసింది, వెళ్ళిందని.

ప్రతి డిసెంబరులోనూ ఆ కార్డులు రాసేది అరుణే. రాత బాగుంటుందని పాస్టరయ్యగారు అట్టలూ స్కెచ్ పెన్నులూ ఇచ్చి పంపుతారు. వారం రోజులు నేల మీద పరుచుకుని రాస్తుంది. అది శాంతమ్మకు తెలియని సంగతి కాదు. పక్కన కూర్చుని అంచులకు జిగురు పూసింది కూడా ఆమే. తెలిసిన సంగతే. కానీ కొన్ని సంగతులు తెలిసి ఉంటాయి, వినబడవు.

శాంతమ్మ చేయి చాపింది. అరుణ ఫోన్ ఇచ్చింది. ఆమె ఫోన్‌ను తిరగేసి కవరు మీద బొటనవేలితో మెల్లగా తడిమింది. లోపల ఆ కార్డు. పోయినవాళ్ళు తిరిగి నీ దగ్గరికి వస్తారని అర్థమొచ్చే మాట.

"అయితే ఇది నీ రాతనే."

"అత్తమ్మా..."

"దేవుని మాట కాదు. నువ్వు పళ్ళెంల ఏసినవ్. నాకు తగిలింది. ఇంకోటి తగిలితే ఇంకోటి."

"గట్ల కాదు. మాటలు ఆయనవే. నేను ఒట్టిగ రాసిన..."

"ఎవలకు ఏది తగలాల్నో ఆయన సూస్తడనుకున్న."

  అరుణ పెట్టె సంగతి చెప్పి ఆట మాన్పించాలనుకుంది. ఆ మాట పెట్టె దగ్గర ఆగకుండా పళ్ళెం దాకా పోతుందనుకోలేదు. అబద్ధం చెప్పనూ లేదు, తప్పు చెయ్యనూ లేదు. అయినా ఒక మనిషి దగ్గర మిగిలి ఉన్న ఒక్కదాన్ని తన చేత్తో లాగేసినట్టుంది.

శాంతమ్మ ఫోన్ తిరిగి ఇచ్చేసింది.

"తీసెయ్యి బిడ్డా. వాడొచ్చి మళ్ళ లొల్లి చేస్తడు."

"మీ తోట..."

"పోనియ్. మొక్కలు ఎండుతయ్ అంతే గద. ఎండుతె ఎండని. ఇన్నొద్దులు ఎండకుంట ఉన్నదే ఎక్కువ. నాకు నీళ్ళ డబ్బా ఏడుంటదో కనవడక పోసుడే బందు పెట్టిన. అయినా పచ్చగనే ఉంటున్నయ్." ఆమె ఆగింది. "దేవుడు పోస్తున్నడనుకున్న."

అరుణ వేలు తెర మీద ఆగిపోయింది.

నీళ్ళు పొయ్యకపోతే ఏ తోటైనా ఎండుతుంది. బొమ్మల తోటైనా సరే. ఎండకపోతే ఈ ఆటలో ఆడటానికేముంది?

"ఒక్క నిముషం అత్తమ్మా. తోట ఒకసారి సూస్త."

"పెట్టె తియ్యంది ఎట్ల సూస్తవ్? ముందది తియ్యాలె, ఎన్క తోట వస్తది."

"ఎవరు చెప్పిన్రు?"

"ఎవలు చెప్తరు? పెట్టెనే అడ్డముంటది గద."

అరుణ పెట్టెను నొక్కకుండా చూస్తూ కూర్చుంది. అది ఊగింది, మెరిసింది, చిన్నగా గంట కొట్టింది. చాలాసేపటికి కుడివైపు పై మూలన, బంగారు రంగు మీద అదే రంగులో, ఒక చిన్న గుణకారం గుర్తు తేలింది. మంచి కళ్ళున్న తనకే కష్టంగా కనిపించింది. నొక్కింది. పెట్టె పోయింది.

"పోయింది."

"ఏడికి?" శాంతమ్మ నమ్మలేదు. "మూసే గుర్తు ఉంటదా దానికి?"

"ఉన్నది."

 తెరవడమే తప్ప మార్గం లేదనుకుని తెరిచినవన్నీ శాంతమ్మ కళ్ళ ముందు తిరుగుతున్నాయేమో.

తోట నిజంగానే పచ్చగా ఉంది. బంతులు, చామంతులు, పేరు తెలియని ఊదా పూలు. ఒక్క ఆకు వాడలేదు. పెట్టె లేచిపోయిన చోట, తెర అడుగున, సన్నటి పట్టీ ఒకటి కనబడింది. బూడిద రంగు అక్షరాలు. ఇంతకాలం పెట్టె కింద ఉండిపోయిన పట్టీ.

అరుణ చదివింది. 

"అత్తమ్మా."

"ఊఁ."

"ఉష మీ తోటకు నీళ్ళు పోసింది. ఇయ్యాల పొద్దుగాల."

శాంతమ్మ చెంచా వదిలేసింది.

అరుణ వేలితో పట్టీని కిందికి జరిపింది. "ఉష మీ తోటకు నీళ్ళు పోసింది. నిన్న." ఇంకా జరిపింది. మొన్న. అటు మొన్న. పోయిన వారం. ఆదివారం కూడా. జరుపుతూనే పోయింది. ఎక్కడా వేరే పేరు లేదు, వేరే మాట లేదు. చలికాలం వచ్చింది, దసరా వచ్చింది, వానకాలం వచ్చింది. దవాఖానలో ఆ మాట పడిన రోజుల దగ్గరికి కూడా వచ్చింది. ఆ వారం ఒక్కటే ఖాళీగా ఉంది. తర్వాత మళ్ళీ మొదలైంది.

"ఇది ఫ్రీనే అత్తమ్మా. పక్కతోటోళ్ళు నీళ్ళు పొయ్యొచ్చు. పావురం అక్కర్లే. పెట్టె అక్కర్లే. వదిన రోజూ వచ్చి పోతున్నది."

"ఇంకోసారి సదువు."

చదివింది.

"గా పాతది కాదు. ఇయ్యాల్టిది."

"ఉష మీ తోటకు నీళ్ళు పోసింది. ఇయ్యాల పొద్దుగాల."

శాంతమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుపు కాదు. ఎక్కడో చాలా లోతున ఉన్న శబ్దం బయటికి రావడానికి దారి వెతుక్కున్నట్టుంది. ఒళ్ళోని గిన్నె ఒరిగి జావ చీర మీద పడింది. ఇద్దరూ దాన్ని చూడలేదు.

"నేను ఒక్కనాడన్న పొయ్యలే," అంది చివరికి. "దాని తోటకు నేను ఒక్క సుక్క పొయ్యలే. అది ఏమనుకుంటాందో. అమ్మ సూసి గూడ సూడనట్టున్నదనుకుంటది గద."

"ఇప్పుడు నీళ్ళు పోద్దాం."

"పొయ్యొచ్చా?"

"మీ వేలియ్యండి."

అరుణ ఆమె కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. పక్క తోటకు జరిపింది. గేటు మీద చిన్న అక్షరాల్లో ఉష అని ఉంది. లోపల పూలు తక్కువ. ఒక మూలన మాత్రం చిన్న ఊయల. ఖాళీ ఊయల. దాని చుట్టూ తెల్ల కంచె. దాని సంగతి అరుణ అత్తకు చెప్పలేదు. అత్త వేలును నీళ్ళ డబ్బా బొమ్మ మీద పెట్టి నొక్కింది. నీలం చుక్కలు మొక్కల మీద రాలాయి.

"పడ్డయా?"

"పడ్డయ్. అన్నిటి మీద పడ్డయ్."

అప్పుడు గేటు పక్కన పచ్చ చుక్క వెలిగింది.

 మిర్యాలగూడలో, తను ఎన్నడూ చూడని ఒక గదిలో, ఒక మనిషి ఇప్పుడే ఫోన్ చేతిలోకి తీసుకుంది. గిన్నెల మీద పేరు తప్ప ముఖం తెలియని మనిషి. తల్లి నీళ్ళు పోసిందన్న పట్టీ ఆమె తెర అడుగున కూడా వచ్చి ఉంటుంది. ఆమె తెర మీద కూడా ముందు పెట్టే వచ్చిందో ఏమో.

"అత్తమ్మా, వదిన వచ్చింది. ఇప్పుడే. పచ్చ సుక్క వెలిగింది."

"ఏది? ఏడ?" శాంతమ్మ ఫోన్ లాక్కుని ముఖానికి ఆనించుకుంది. మందు వేసిన కళ్ళకు ఏమీ అందలేదు. మళ్ళీ అరుణ చేతికే ఇచ్చింది. "నాకు కనవడుత లేదు. నువ్వు సూడు. పోనియ్యకు. సూస్తనే ఉండు."

అరుణ చూస్తోంది. చూస్తుండగానే తెర తళుక్కుమంది.

పెట్టె. ఈసారి ఇంకా పెద్దది, ఎర్ర రిబ్బను కట్టి ఉంది. ఈ రోజు మీకు ఒకటి ఉచితం అంటోంది. తోట, గేటు, ఊయల, పచ్చ చుక్క, అన్నీ దాని వెనక్కి పోయాయి.

"ఉన్నదా బిడ్డా? ఇంకా ఉన్నదా?"

అరుణ వేలు పైమూలకు వెళ్ళి ఆగింది. అక్కడ బంగారు రంగు తప్ప ఏమీ లేదు. నొక్కితే పెట్టె తెరుచుకుంటుంది. తెరుచుకుంటే ఎంతసేపు మెరుస్తుందో తెలియదు. ఈలోగా వెనక ఆ చుక్క ఉందో, ఆరిందో తెలియదు.

వసారాలో దబ్బనం చప్పుడు లేదు. అది ఎప్పటి నుంచి ఆగిపోయిందో అరుణ గమనించనే లేదు. తలుపులోంచి వచ్చే వెలుతురు మసకబారింది. గడప మీద మనిషి నీడ పడింది. జానయ్య ఒక చేతిలో నీళ్ళ గ్లాసుతో, మరో చేత్తో తలుపు రెక్క పట్టుకుని నిలబడ్డాడు. ఆయన చూపు భార్య వైపు లేదు, కోడలి వైపు లేదు. కోడలి చేతిలోని ఫోన్ మీద ఉంది.

"ఉన్నదా?" అన్నాడు.

అరుణ తెర మూలనే చూస్తోంది. మూసే గుర్తు ఇంకా రాలేదు.